తొలిముద్ర

ముప్పై ఒకటో నంబరు రికార్డింగు వినడం ప్రొఫెసర్ శేషుకుమారి ఉదయం పదకొండు గంటలకు మొదలుపెట్టింది. పావుగంట గడిచేసరికి హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, కుడికాలి చెప్పు విప్పి, మడమ పక్కనున్న పాత మచ్చకేసి చూసుకుంది. యాభై రెండేళ్ళ మనిషి, సైకాలజీ విభాగానికి పెద్ద, గదిలో ఒంటరిగా కూర్చుని మడమ చూసుకోవడం ఎవరైనా చూస్తే నవ్వుకుని ఉండేవారు. ఆమె మాత్రం ఆ మచ్చను వేలితో తడిమి, మళ్ళీ హెడ్‌ఫోను పెట్టుకుంది.

రికార్డింగులో గొంతు ఎవరిదో తెలియకుండా యంత్రంతో మార్చేశారు. అది శేషుకుమారి పెట్టిన నియమమే. బొంగురుగా, ఎవరిదీ కానట్టున్న ఆ గొంతు ఇలా చెప్పుకుపోయింది.

"పెద్దదానికి ఆరేళ్ళు. అంతకు వారం ముందే సైకిలు చక్రంలో కాలు పెట్టి మడమ చీరుకుంది. పసుపు పెట్టి కట్టు కట్టాను. నీళ్ళు ఇంట్లోకొచ్చేసరికి, 'అమ్మా, కట్టు తడిసిపోతోందే' అంది. అప్పటికి ఆయన లేడు, గొడ్లను విప్పడానికెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నా ఎడంచెయ్యి తుమ్మకొమ్మకుంది. కుడిచెయ్యి చిన్నదాని నడుం చుట్టూ వేసి, అదే చేతి వేళ్ళతో పెద్దదాని మణికట్టు పట్టుకున్నా. ఇంకో తాటిచెట్టంత అల వస్తోంది. ఇద్దరూ నిలవరని తెలిసిపోయింది. జారిపోలేదమ్మా. అందరికీ జారిపోయిందని చెబుతారు చూడు, అట్లా కాదు. నేనే వేళ్ళు తెరిచాను."

ప్రశ్న అడిగే అమ్మాయి, "ఎందుకు పెద్దమ్మాయినే?" అంది.

"చిన్నదంటే నాకు ప్రాణం," అంది గొంతు. ఆ మాటలో తడబాటు లేదు. "తెల్లారేలోపు అది కూడా చలికి నా చంకలోనే బిగుసుకుపోయింది."

శేషుకుమారికి ఈ కథ తెలుసు, కాని ఇలా కాదు. దివిసీమ ఉప్పెనలో అమ్మ ఒక చేత్తో కొమ్మనూ ఒక చేత్తో తననూ తెల్లవార్లూ పట్టుకుంది. నడుముకు చీరకొంగుతో కట్టిన చెల్లెలు తాయారు, ముడి ఊడిపోయి కొట్టుకుపోయింది. పొద్దున అమ్మకు స్పృహ తప్పితే పడవవాళ్ళు తనను వేరే పడవలో ఎక్కించారు, మూడోనాడు అవనిగడ్డ బడిలో ఇద్దరూ కలిశారు. నలభై ఆరేళ్ళుగా విన్న కథ. విని విని, అమ్మ పట్టు తన మణికట్టు మీద ఇప్పటికీ తెలుస్తోందని ఆమె అనుకునేది.

ఇప్పుడు ఆ పట్టు ఎక్కడిదో ఆమెకు అర్థమైంది. విన్న మాట జ్ఞాపకంగా ఎలా మారుతుందో కనిపెట్టిందే ఆమె కదా.

మనిషి నలభై దాటాక మెత్తబడతాడు, పాత పగలు వదిలేస్తాడు, తన తప్పులతో రాజీ పడతాడు. దీన్ని లోకం జ్ఞానం అంటుంది. శేషుకుమారి ఇరవై ఏళ్ళు పరిశోధించి, అది జ్ఞానం కాదు, అరుగుదల అని తేల్చింది. జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ అది కాస్త తడిసి, కాస్త మారి, మళ్ళీ లోపలికెళ్ళి ఆరుతుంది. ఏటేటా సున్నం వేసిన గోడలాంటిది, కిందున్న అసలు గోడ ఎవరికీ కనబడదు. ఆమె తయారుచేసిన పద్ధతి ఆ సున్నాన్ని గోకేస్తుంది. తలకు పట్టీలు కట్టి, సన్నని విద్యుత్తు పంపుతూ సంఘటన చెప్పించుకుంటే, గంటలో పైపొరలు ఊడిపోయి మొదటిరోజు పడ్డ జ్ఞాపకం బయటపడుతుంది. దానికి తొలిముద్ర అని పేరు పెట్టింది. బయటపడ్డ ముద్ర ఆరు గంటలు పచ్చిగా ఉంటుంది. ఆ ఆరు గంటలూ ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ మాట కూడా అందులో అంటుకుపోతుంది. మతిమరుపు ముసురుకుంటున్న ముసలివాళ్ళకు వాళ్ళ జ్ఞాపకాలు వాళ్ళకు తిరిగివ్వాలన్నది ఆమె ఆశ. ఆశ మంచిదే, అందులో తప్పుపట్టడానికేం లేదు.

ఆమె పక్కగదిలోకి వెళ్ళి, "షాహీన్, ముప్పై ఒకటి ఎవరో పేరు తియ్యి," అంది.

షాహీన్ ఆమె దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి. పేర్ల జాబితా ఆమె దగ్గరే తాళంలో ఉంటుంది. "మేడం, రికార్డింగులకు మార్కులు వేయడం అయ్యేదాకా పేర్లు విప్పొద్దని మీరే కదా..."

"తెలుసు. తియ్యి."

షాహీన్ తీసింది. మాణిక్యమ్మ. వయసు డెబ్బై మూడు. రిటైరైన హాస్టల్ వార్డెను. అంతే ఉంది. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది, ఊరు చెబితే మిగతాది తెలిసిపోతుంది, తెలిశాక మార్కులు వేసేవాళ్ళ చెయ్యి తిన్నగా ఉండదు. అందుకని ఆ రెండూ అడగొద్దని శేషుకుమారే దరఖాస్తులోంచి కొట్టేసింది. దేశంలో ఇంత నిక్కచ్చిగా పరిశోధన చేసేవాళ్ళు లేరని ఒక సదస్సులో చప్పట్లు కూడా కొట్టారు.

"మా అమ్మ," అంది శేషుకుమారి.

షాహీన్ కాగితాన్ని మళ్ళీ చదివింది. "సిబ్బందిలో మీ బంధువులెవరైనా ఉన్నారా అని అడిగాను మేడం, లేరన్నారు. మీ ఇంటికి నేనెప్పుడూ రాలేదు కదా, గుర్తుపట్టలేదు. ఎందుకు చేరుతున్నారని అడిగితే, చిన్నకూతురి ముఖం గుర్తురావట్లేదమ్మా, ఫోటో కూడా లేదు, ఒక్కసారి చూసుకుంటాను అన్నారు. నాకు జాలేసింది."

"ఎన్ని రోజులైంది?"

"ఇవాళ్టికి ఎనిమిది."

శేషుకుమారికి ఎనిమిది రోజులుగా ఇంట్లో జరుగుతున్నదంతా కళ్ళముందు తిరిగింది. మొదట అమ్మ తనతో కలిసి అన్నం తినడం మానేసింది. తర్వాత 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. మొన్న తను వంటింట్లోకి రాగానే చేతిలో గరిటె వదిలేసి గోడకు ఆనుకుంది. వయసు మీదపడిందనుకుని వచ్చే వారానికి నరాల డాక్టరు దగ్గర టోకెను తీసుకుంది తను. ఊరందరి మనసులూ చదివే మనిషి, ఇంట్లో మనసు దగ్గర డాక్టరు టోకెనుతో సరిపెట్టుకుంది.

*

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మాణిక్యమ్మ ముందుగదిలో మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని ఉంది. నేల మీద నీళ్ళున్నట్టు కిందికి చూస్తోంది. కూతుర్ని చూడగానే దిండు గుండెలకు అదుముకుంది.

"అమ్మా," అంది శేషుకుమారి.

"ఎవరికి అమ్మ?"

"నేను శేషునే."

"శేషు లేదు." ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "శేషుని నేను వదిలేశాను. నా కళ్ళతో చూశాను, పోయింది. శేషువైతే ఒళ్ళు తడిగా ఎందుకు లేదు?"

శేషుకుమారి గోడమీదున్న ఫోటో తీసుకొచ్చి చూపించింది. తను డాక్టరేటు పట్టా పుచ్చుకున్న రోజున ఇద్దరూ కలిసి తీయించుకున్నది. మాణిక్యమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఆమె వేలు కూతురి మీద కాదు, తన సొంత బొమ్మ మీదే ఆగింది.

"ఈ పెద్దావిడ ఎవరు?"

జరుగుతున్నదేమిటో శేషుకుమారికి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఉప్పెన తర్వాత మూడు రోజులు అమ్మ పెద్దకూతురు చచ్చిపోయిందనే నమ్మింది. తొలిముద్రలో ఉన్నది ఆ మూడు రోజులే. కూతురు బతికే ఉందన్నది తర్వాతి పొర. కూతురి కోసం పదో తరగతి కట్టడం, హాస్టల్లో ఉద్యోగం, విజయవాడలో ఇల్లు, పట్టా, అన్నీ ఆ పొర మీద లేచినవే. ఆ పొర ఊడిపోయింది గనక పైవన్నీ ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు పోతే ఈ మంచం మీద మిగిలేది ఇరవై ఏడేళ్ళ పిల్లతల్లి, డెబ్బై మూడేళ్ళ ఒంట్లో, చుట్టూ నీళ్ళతో.

"అన్నం తిన్నావా అమ్మా?" అంది.

"మీరు బయటికి పోతే తింటాను," అంది మాణిక్యమ్మ.

శేషుకుమారి వరండాలోకెళ్ళి నిలబడింది. కిటికీలోంచి చూస్తే, అమ్మ కంచం ఒళ్ళో పెట్టుకుని గబగబా తింటోంది, మధ్యమధ్య తలుపుకేసి చూస్తూ. కన్నతల్లి తనను చూసి జడుసుకుంటోంది. దానికంటే లోతుగా ఇంకో బాధ గుచ్చుకుంటోంది, దాన్ని పైకి అనుకోవడానికి కూడా సిగ్గేసింది. చిన్నదంటే నాకు ప్రాణం. మరి నేను? యాభై రెండేళ్ళ ప్రొఫెసరు ఆరేళ్ళ పిల్లలా అలిగింది, అలిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

*

"పన్నెండో నంబరు విషయంలోనే ఆపాల్సింది మేడం," అంది షాహీన్ మర్నాడు పొద్దున. ఆ పిల్ల ఎప్పుడూ అంత మాట అనలేదు.

పన్నెండో నంబరు రిటైరైన బస్సు కండక్టరు. చిన్నప్పుడు తమ్ముడు తన మీద వేడినీళ్ళు పోశాడు. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ చెప్పుకుని నవ్వుకునేవారు. తొలిముద్ర బయటపడ్డ అయిదో రోజున అన్న తమ్ముడి చెయ్యి విరగ్గొట్టాడు. శేషుకుమారి ఆ కేసును 'తాత్కాలిక ఉద్రేకం' అని రాసి పేజీ తిప్పేసింది. తిప్పేసిన పేజీ ఇంటికే వచ్చింది.

"తిట్టు, పడతాను. ముందు దారి చెప్పు," అంది శేషుకుమారి.

దారి ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు. జ్ఞాపకాన్ని మళ్ళీ తెరవాలి. పచ్చిగా ఉన్న ఆరు గంటల్లో పక్కన కూర్చుని మాట్లాడాలి. ఇన్నాళ్ళూ దేన్ని నిషేధించారో దాన్నే చెయ్యాలి. అప్పుడు మాట అంటుకుంటుంది. కాని రెండోసారి తెరిచిన జ్ఞాపకం మూడోసారి తెరుచుకోదు. ఆరాక ఎలా ఉంటే అలాగే, చచ్చేదాకా.

"ఏం చెబుతారు మేడం? పాత కథా, నిజమా?"

"నిజమే చెబుతాను. వదిలేశావు, అయినా బతికాను, నీ మీద నాకేం లేదని చెబుతాను." ఆ చివరి మాట అంటున్నప్పుడు షాహీన్ ముఖం వంక చూడలేకపోయింది.

షాహీన్ ఇంటికెళ్ళి పిలిస్తే మాణిక్యమ్మ వెంట వచ్చింది. ఆ అమ్మాయంటే ఆమెకు భయం లేదు. కుర్చీలో వెనక్కి వాలింది, పట్టీలు కట్టించుకుంది, చిన్నదాని ముఖం ఇప్పుడు బాగా కనబడుతోందమ్మా అని షాహీన్‌తో మురిపెంగా చెప్పింది కూడా. బుగ్గమీద పుట్టుమచ్చ ఉందట. ఆ సంగతి ఇన్నేళ్ళూ మర్చిపోయానంది. తెర వెనక నిలబడ్డ శేషుకుమారి ఆ మాట విని పెదవి కొరుక్కుంది.

మీట నొక్కారు. ఇరవై నిమిషాలకు మాణిక్యమ్మ ఊపిరి మారింది. ఎడంచెయ్యి పైకి లేచి గాలిలో ఏదో పట్టుకుంది. కుడిచెయ్యి వంగి పక్కటెముకలకు బిగుసుకుంది. కాళ్ళు పైకి ముడుచుకున్నాయి.

శేషుకుమారి తెర దాటి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మా, నేను శేషుని. నువ్వు వేళ్ళు తెరిచావు. అయినా నేను బతికాను. పడవవాళ్ళు తీశారు. నీ తప్పేం లేదు."

మాణిక్యమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. కూతురి ముఖంలోకి చూసి కేక పెట్టింది. ముసలిగొంతు కేక కాదు, పడుచుగొంతు. "పోవే! నా దగ్గరికి రాకు. చచ్చినదానివి చచ్చినట్టుండు. చిన్నదాన్ని కూడా తీసుకుపోతావా?"

"గుండె నూట నలభై," అంది షాహీన్. "మేడం, ఆపేద్దాం."

ఆపితే ఈ కేకే ఆరిపోయి మిగులుతుంది. చచ్చిన కూతురు చిన్నదాని కోసం వచ్చిందన్నదే అమ్మకు ఆఖరి జ్ఞాపకం అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెరవమన్నది తనే, తెరిచాక నిజం చెప్పి బెదరగొట్టిందీ తనే. నిజానికి అక్కడ చోటు లేదు. ఆ కొమ్మ దగ్గర ఉన్నది ఇద్దరు పిల్లలు, ఒక్క చెయ్యి, రాబోయే అల. అక్కడికి పెద్దమనిషిగా వెళ్ళి క్షమాపణల గురించి మాట్లాడటం ఎంత తెలివితక్కువో ఆమెకు అప్పుడు తెలిసింది.

"లైటు తీసెయ్యి," అంది షాహీన్‌తో. చీకట్లో తన చెయ్యి చాపి, అమ్మ కుడిచేతి వేళ్ళ కింద మణికట్టు పెట్టింది. గొంతు సన్నం చేసింది. తన చిన్నప్పటి గొంతు తనకు గుర్తులేదు, ఏదో ఒక పిల్ల గొంతు వచ్చింది. "అమ్మా, భయమేస్తోందే. చెయ్యి గట్టిగా పట్టుకో."

కేక ఆగిపోయింది. "శేషూ."

"ఇక్కడే ఉన్నానమ్మా."

"అల వస్తోందే. నాకు ఒక్క చెయ్యే ఉందే తల్లీ. చెల్లాయిని ఎత్తుకున్నా. ఇద్దరూ ఆగట్లేదే."

యంత్రం సన్నగా రొద పెడుతోంది. షాహీన్ చీకట్లో ఏడుస్తున్నట్టుంది. మణికట్టు మీద ముసలి వేళ్ళు ఒక్కొక్కటిగా వదులవుతున్నాయి. చూపుడువేలు పోయింది, మధ్యవేలు పోతోంది. నలభై ఆరేళ్ళ క్రితం జరిగినదే మళ్ళీ జరుగుతోంది. అప్పుడు ఆరేళ్ళపిల్ల అనలేని మాట ఒకటి ఉంది. ఆ పిల్లకు తెలియక అనలేదు. ఈమెకు అన్నీ తెలుసు. తెలిసే అంది.

"చెల్లాయిని వదిలెయ్యమ్మా."

జారుతున్న మధ్యవేలు అక్కడే ఆగింది.

"నన్ను పట్టుకో. చెల్లాయిని వదిలెయ్యి. నేనూ నువ్వే ఉన్నాం, ఇంకెవరూ లేరు. వదిలెయ్యమ్మా."

పక్కటెముకలకు బిగుసుకున్న మోచెయ్యి మెల్లగా విడింది. ఆ చేతి వేళ్ళు అయిదూ శేషుకుమారి మణికట్టు చుట్టూ మూసుకున్నాయి. ఎముక విరుగుతుందేమోనన్నంత గట్టిగా. ఆరు గంటలూ ఆ పట్టు సడలలేదు, ఆమె కూడా కదలలేదు. "నేనూ నువ్వే ఉన్నాం," అని అదే మాట చెబుతూ కూర్చుంది. సంతోషమో భయమో ఆమెకే తెలియని వణుకు ఒకటి ఒళ్ళంతా పాకింది. ఎట్టకేలకు అమ్మ తనను ఎంచుకుంది. అలా ఎంచుకునేలా చేసింది తనే.

*

మూడో రోజుకల్లా మాణిక్యమ్మ మామూలు మనిషైంది. గోడమీది ఫోటోలో తనను తాను గుర్తుపట్టి, ఆ రోజు కట్టుకున్న చీర ఎంతకు కొన్నదీ, కొట్టువాడితో ఎంత బేరమాడిందీ చెప్పింది. కూతురితో కలిసి అన్నం తింది. జుట్టుకు రంగు వేసుకోవడం మానెయ్యవే, కళ్ళకు మంచిది కాదు అని సతాయించింది. పొరలన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. ఇవన్నీ చూసి ఆనందపడటానికి శేషుకుమారికి నాలుగు రోజులు పట్టింది. ప్రయోగశాలకు తాళం వేయించింది, మిగతా ముప్పైమంది ఇళ్ళకూ షాహీన్‌ను పంపి ఎవరెలా ఉన్నారో కనుక్కుంటోంది. పన్నెండో నంబరు ఇంటికి మాత్రం తనే వెళ్ళింది. అక్కడ తలుపు తీయలేదు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వంటింట్లో గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. మాణిక్యమ్మ తనంతట తనే ఉప్పెన సంగతి ఎత్తింది. ఇన్నేళ్ళలో ఆమె ముఖం ఇంత తేటగా ఉండగా ఆ సంగతి చెప్పడం శేషుకుమారి చూడలేదు.

"మీ నాన్న పోయాడు. మనిద్దరమే మిగిలాం. నిన్ను పట్టుకుని తెల్లవార్లూ ఆ తుమ్మకొమ్మకే వేళ్ళాడా. ఒక్కదానివే కాబట్టి పట్టుకోగలిగానే. ఇంకొకరుంటే ఏమైపోయేవాళ్ళమో."

శేషుకుమారి చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో పెట్టింది. "తాయారు..." అంది.

"తాయారెవరు?"

శేషుకుమారి నోరు తెరిచింది. మూడేళ్ళపిల్ల, బుగ్గమీద పుట్టుమచ్చ. ఏ బుగ్గ? ముఖం ఎలా ఉండేది? ఎంత వెతికినా చీకటే. తనకు తెలిసిన తాయారంతా అమ్మ చెప్పిన తాయారే. ఆ పిల్ల ఉండేదని చెప్పగల మనిషి ఇప్పుడు లోకంలో తనొక్కతే, తనకు ఆ పిల్ల ముఖం తెలియదు.

"మీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లా?" అంది మాణిక్యమ్మ.

"అవునమ్మా."

"పేరు బాగుంది. ఒక రోజు భోజనానికి తీసుకురా," అని మాణిక్యమ్మ చిక్కుళ్ళ గిన్నె ముందుకు లాక్కుంది.